మూడో బస్తా ఎటు పోతోంది?

2025 ఆగస్టులో తెలంగాణ పల్లెల్లో సొసైటీ గోదాముల ముందు రోజూ ఒకటే దృశ్యం. తెల్లవారకముందే చెప్పుల వరస. చెప్పుల పక్కన పట్టాదారు పాసుపుస్తకాలు, ఆధార్ జిరాక్సులు, అవి గాలికి ఎగిరిపోకుండా పైన రాళ్లు. మనుషులు మాత్రం ఆ పక్కనే చెట్టు కింద కునుకు తీస్తుంటారు. యూరియా లోడు వస్తుందని ఎవరో చెప్పారు. వస్తే మనిషికి ఒకటో రెండో బస్తాలు దొరుకుతాయి. ఆంధ్రలోనూ చాలా చోట్ల అదే తంతు. చైనా ఎగుమతులు బిగించిందని, రామగుండం ఫ్యాక్టరీ ఆగిందని, కేంద్రం పంపలేదని, రాష్ట్రం ముందుగా తెచ్చిపెట్టుకోలేదని టీవీల్లో వాదులాట.

మరోపక్క వ్యవసాయ శాస్త్రవేత్తలు ఏళ్లుగా చెబుతున్న మాట ఇంకొకటి ఉంది. యూరియా అవసరానికి మించి వాడుతున్నారు, తగ్గించండి అని.

దొరకడం లేదని ఒకరు, ఎక్కువైపోతోందని ఇంకొకరు. ఎవరో ఒకరు అబద్ధం చెబుతున్నారనిపిస్తుంది గానీ, ఇద్దరూ నిజమే చెబుతున్నారు. అదెలాగో తెలియాలంటే ముందు బస్తా విప్పి చూడాలి.

బస్తా లెక్క

యూరియాలో 46 శాతం నత్రజని ఉంటుంది. ఒకప్పుడు 50 కిలోల బస్తా వచ్చేది. 2018 నుంచి 45 కిలోలు చేశారు. రైతు కిలోల లెక్కన కాదు, బస్తాల లెక్కన చల్లుతాడు కాబట్టి తెలియకుండానే పదోవంతు తగ్గుతుందని కేంద్రం ఆశ. మా వైపు అయితే చాలామంది ఆ తగ్గినదానికి ఇంకో అరబస్తా కలుపుకున్నారు.

45 కిలోల బస్తాలో ఉన్న నత్రజని 20.7 కిలోలు. 50 కిలోల డీఏపీ (డై అమ్మోనియం ఫాస్ఫేట్) బస్తాలో నత్రజని 9 కిలోలు, భాస్వరం 23 కిలోలు. పొటాష్ బస్తాలో, అంటే మ్యూరేట్ ఆఫ్ పొటాష్‌లో, అసలు పోషకం 30 కిలోలు. తెలంగాణలో వానాకాలం వరికి సాధారణంగా చెప్పే మోతాదు హెక్టారుకు 120-60-40. ఎకరా లెక్కకు తెస్తే సుమారు 48 కిలోల నత్రజని, 24 కిలోల భాస్వరం, 16 కిలోల పొటాష్. దమ్ములో, అంటే నాట్లకు ముందు మడిని బురదగా దున్నేటప్పుడు, ఒక డీఏపీ బస్తా వేస్తే భాస్వరం పని దాదాపు అయిపోయినట్టే, దానితోపాటు 9 కిలోల నత్రజని కూడా వచ్చింది. మిగిలిన 39 కిలోల నత్రజనికి 85 కిలోల యూరియా సరిపోతుంది. అంటే రెండు బస్తాలకు ఐదు కిలోలు తక్కువే. పొటాష్ అరబస్తా కన్నా కాస్త ఎక్కువ.

ఇప్పుడు ఏ మాగాణి ఊరికైనా వెళ్లి అడిగి చూడండి. ఎకరాకు మూడు బస్తాల యూరియా వేశామనేవాళ్లు సులువుగా దొరుకుతారు. నాలుగు అనేవాళ్లూ ఉంటారు. పొటాష్ సంగతి అడిగితే, "ఈసారి వెయ్యలేదులే" అంటారు. సొసైటీ ముందు పెట్టిన చెప్పుల్లో ఎన్నో ఈ మూడో బస్తా కోసం పెట్టినవే. మూడో బస్తా కావాలనుకునేవాళ్లు అందరూ ఒకేసారి వస్తే, మొదటి బస్తాయే దొరకని రైతు కూడా అదే వరసలో నిలబడాలి.

అసలు మొదటి రెండు బస్తాలే పైరుకు పూర్తిగా అందవు. నీళ్లు నిలిచిన మడిలో వేసిన నత్రజనిలో వరి తీసుకునేది సుమారు 30 నుంచి 40 శాతం. మిగిలింది మూడు దారులు పడుతుంది. యూరియా నీటిలో కరిగి, నేలలో ఉండే ఒక ఎంజైమ్ వల్ల అమ్మోనియాగా మారుతుంది. నిండు నీళ్లున్న మడిలో మిట్టమధ్యాహ్నం చల్లితే ఆ అమ్మోనియాలో మంచి భాగం వాయువై గాలిలో కలిసిపోతుంది. నేలలో నిలిచినదాన్ని సూక్ష్మజీవులు నైట్రేట్‌గా మారుస్తాయి. నైట్రేట్‌ను మట్టి పట్టి ఉంచలేదు, అది నీటితోపాటు కిందికి దిగిపోతుంది, లేదా మడి గట్టు దాటి కాలువలో పడుతుంది. ఇక మూడోది, బురద అడుగున గాలి అందని చోట ఇంకో రకం సూక్ష్మజీవులు ఆ నైట్రేట్‌ను మళ్లీ వాయువులుగా మార్చి పైకి పంపేస్తాయి.

మొక్క తీసుకునే శక్తికి ఒక హద్దుంది. ఆ హద్దు దాటాక వేసిన ప్రతి కిలోలో ఎక్కువ భాగం ఈ మూడు దారుల్లోనే పోతుంది. కొంత మొక్కలోకి వెళ్తుంది, నిజమే. అసలు గొడవ అక్కడే మొదలవుతుంది.

పచ్చగా ఉందని

యూరియా చల్లిన నాలుగైదు రోజులకు చేను రంగు తిరుగుతుంది. లేత పసుపు నుంచి నిండు ఆకుపచ్చకు. గట్టు మీద నిలబడి చూస్తే కడుపు నిండినట్టుంటుంది. పొటాష్ వేస్తే అలాంటిదేమీ కనబడదు. జింకు వేసినా అంతే. వాటి ఫలితం గింజ బరువులో, కాడ గట్టిదనంలో, తెగులును తట్టుకోవడంలో ఉంటుంది. కోత దాకా ఆగితే గానీ తెలియదు, తెలిసినా అది పొటాష్ వల్లేనని ఎవరు చెప్పగలరు? పక్క చేను తన చేను కన్నా పచ్చగా ఉంటే మాత్రం మర్నాడే టెన్షన్ మొదలవుతుంది. నా ఉద్దేశంలో మన పల్లెల్లో యూరియాకు ఆ పక్క మడిని మించిన ప్రచారకర్త లేడు.

ఆ నిండు పచ్చదనం కింద ఏం జరుగుతోందో చూడండి. నత్రజని ఎక్కువైన మొక్క గబగబా పెరుగుతుంది. కణాలు పెద్దవవుతాయి గానీ వాటి గోడలు పలచగా ఉంటాయి. ఆకు మెత్తగా, రసభరితంగా తయారవుతుంది. ఆ రసంలో ప్రొటీన్‌గా మారకుండా మిగిలిపోయిన అమైనో ఆమ్లాలు ఎక్కువ. రసం పీల్చే పురుగుకు అంతకన్నా విందు లేదు. సుడిదోమ సంగతి వరి రైతులకు చెప్పక్కర్లేదు. నీటి మట్టానికి కాస్త పైన, దుబ్బు మొదట్లో చేరి రసం పీలుస్తుంది, చేను సుడులు సుడులుగా ఎండిపోతుంది. నత్రజని ఎక్కువ తిన్న మొక్క మీద బతికే సుడిదోమ ఎక్కువ గుడ్లు పెడుతుంది, వాటిలో ఎక్కువ బతుకుతాయి. పైగా ఆకులు కమ్ముకుని దుబ్బుల మధ్య గాలి ఆడదు, చెమ్మ ఆరదు. పాము పొడ తెగులుకు, అగ్గితెగులుకు, బాక్టీరియా ఎండాకు తెగులుకు కావలసింది ఆ చెమ్మే. నాట్లలో ప్రతి రెండు మీటర్లకూ 20 సెంటీమీటర్ల కాలిబాట వదలమని వ్యవసాయాధికారులు చెప్పేది ఈ గాలి కోసమే.

1986లో బాపట్ల నుంచి వచ్చిన సాంబ మసూరి, అదే బీపీటీ 5204, సన్నబియ్యంగా మన ఇళ్లలో ఎంత పేరు తెచ్చుకుందో తెలుసు. తినడానికి ఎంత బాగుంటుందో తెగుళ్లకు అంత సులువుగా లొంగుతుంది. అలాంటి రకానికి మూడో బస్తా వేస్తే తెగులును పిలిచి పీట వేసినట్టే.

అప్పుడు రైతు మందుల షాపుకు వెళ్తాడు. దోమకొక డబ్బా, తెగులుకొక డబ్బా. "దేనికైనా పని చేస్తుంది, ఇది కూడా కొట్టు" అని షాపాయన ఇంకొకటి కలుపుతాడు. ఖాతాలో రాసుకుంటాడు కాబట్టి ఆ క్షణానికి ధర తెలియదు. మూడో బస్తాకు అయిన ఖర్చు 266 రూపాయలు అనుకుంటాం. దాని వెనక వచ్చిన పురుగుమందు బిల్లు వేలల్లో ఉంటుంది. ఆ రెంటినీ కలిపి ఒక లెక్కగా ఎవరూ రాయరు కాబట్టి యూరియా చవకగానే కనిపిస్తుంది.

ఇంకా మిగిలింది చివరి దెబ్బ. కాడ ఎత్తుగా, మెత్తగా పెరిగి, పొటాష్ లేక గట్టిపడక, అక్టోబరులోనో నవంబరులోనో ఒక వాయుగుండం రాగానే చేను పడిపోతుంది. పడిన చేలో తాలు ఎక్కువ, కోత మిషనుకు గంటలు ఎక్కువ, తడిసిన ధాన్యానికి కొనుగోలు కేంద్రంలో తేమ పేరుతో కోత ఎక్కువ. తుఫాను పక్కచేనునీ కొట్టింది గదా అంటారు. కొట్టింది. కానీ అన్ని చేలూ ఒకేలా పడవు.

ధర చెప్పిన మాట రైతు విన్నాడు

ఇంతవరకూ చదివినవాళ్లు, రైతుకు తెలియక చేస్తున్నాడు, అవగాహన సదస్సులు పెట్టాలి అనుకుంటారు. నేను ఒప్పుకోను. రైతు తనకు కనబడిన ధరను బట్టి నడుచుకున్నాడు. ఆ ధర పెట్టింది ఢిల్లీ.

1992 ఆగస్టులో కేంద్రం భాస్వరం, పొటాష్ ఎరువుల ధరల మీద అదుపు ఎత్తేసింది. సబ్సిడీ భారం తగ్గించుకోవాలన్నది కారణం. యూరియాను మాత్రం అదుపులోనే ఉంచింది. డీఏపీ, పొటాష్ ధరలు ఒక్కసారిగా ఎగిశాయి. అంతకుముందు సంవత్సరం, అంటే 1991-92లో దేశంలో నత్రజని, భాస్వరం, పొటాష్ వాడకం 5.9 : 2.4 : 1 నిష్పత్తిలో ఉండేది. ఒక్క ఏడాదిలో అది 9.5 : 3.2 : 1 అయింది. ఆ ఒక్క ఏడాదిలో దేశంలోని నేలలేమీ మారిపోలేదు, మారింది ధర ఒక్కటే.

2010 ఏప్రిల్‌లో పోషకాల ఆధారిత సబ్సిడీ అని ఇంకో పద్ధతి తెచ్చారు. కాగితం మీద మంచి ఆలోచన. ఏ ఎరువులో ఏ పోషకం ఎంత ఉందో దాన్ని బట్టి సబ్సిడీ ఇస్తే రైతు సమతూకంగా వాడతాడు. కానీ అందులోంచి యూరియాను మళ్లీ బయటే ఉంచారు. యూరియా ధర ముట్టుకుంటే ఓట్లు పోతాయని అన్ని పార్టీలకూ భయం. దాంతో సగం దిద్దిన తప్పు అసలు తప్పుకన్నా ఎక్కువ నష్టం చేసింది. 2022-23 నాటికి దేశం మొత్తం మీద నిష్పత్తి 11.8 : 4.6 : 1.

ఉండవలసిన నిష్పత్తి 4 : 2 : 1 అని పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది. ప్రతి నేలకీ, ప్రతి పంటకీ ఒకటే లెక్క ఏమిటని ఆ అంకెనే తప్పుపట్టే శాస్త్రవేత్తలు ఉన్నారు, వాళ్ల మాటలో న్యాయముంది. అయినా 11.8 ఏ లెక్కకూ అందేది కాదు.

ఇవాళ్టి ధరలే చూద్దాం. యూరియా బస్తా 266 రూపాయల యాభై పైసలు. లెక్క కడితే కిలో నత్రజని 13 రూపాయల లోపు. పొటాష్ బస్తా 1,500 రూపాయల పైమాటే, కిలో పొటాష్ 50 రూపాయల పైన. డీఏపీ బస్తా 1,350. చేతిలో మూడు వందలున్న మనిషిని పొటాష్ కొనమంటే ఎలా కొంటాడు? పైగా పొటాష్ గనులు మనకు లేవు, అంతా బయటి దేశాల నుంచి రావలసిందే. యూరియా చవకదనం వల్ల జరిగిన ఇంకో వింత ఏమిటంటే, అది పొలం దాకా రాకుండా ప్లైవుడ్ జిగురు ఫ్యాక్టరీలకు తరలిపోయేది. 2015 నుంచి యూరియా అంతటికీ వేపనూనె పూత తప్పనిసరి చేయడానికి ఒక కారణం ఇదే. రెండో కారణం, వేప పూత వల్ల నైట్రేట్‌గా మారే వేగం కొంత తగ్గుతుంది.

2022-23లో కేంద్రం ఎరువుల సబ్సిడీకి పెట్టిన ఖర్చు రెండున్నర లక్షల కోట్ల రూపాయలు. ప్రపంచ ధరలు మండిపోయిన సంవత్సరం అది. ఆ డబ్బులో ఎంత భాగం అమ్మోనియా వాయువై ఎగిరిపోయిందో ఎవరికి వారు ఊహించుకోవచ్చు.

నేలలో ఏం పేరుకుంది, ఏం తరిగింది

నత్రజని ఎగిరిపోయేది, కారిపోయేది. భాస్వరం అలా కాదు, అది వేసిన చోటే కూర్చుంటుంది. ఏటా దమ్ములో డీఏపీ, మళ్లీ పెరిగే పైరు మీద పైపాటుగా, రెండు మూడు పోషకాలు కలిసిన కాంప్లెక్స్ గుళికలు వేస్తూ పోతే, మొక్క ఆ ఏడాది తీసుకునేది కొద్ది భాగమే. మిగిలింది నల్లరేగడిలో సున్నంతో, ఎర్రనేలలో ఇనుము, అల్యూమినియంలతో కలిసి గట్టిపడుతుంది. అలా నేలలో భాస్వరం మేటలు వేసిందని, డీఏపీ తగ్గించి భాస్వరాన్ని కరిగించే బాక్టీరియా వాడమని తెలంగాణలో వ్యవసాయ శాఖే ప్రచారం చేసింది. బ్యాంకులో డిపాజిట్ ఉంచుకుని మళ్లీ అప్పు తెచ్చుకున్నట్టుంది ఈ వ్యవహారం. అసలు కాంప్లెక్స్ ఎరువును పైపాటుగా వేయవద్దని, భాస్వరమంతా దమ్ములోనే వేయాలని వ్యవసాయాధికారులు చెబుతూనే ఉంటారు.

పేరుకున్న భాస్వరం ఊరికే కూర్చోదు, జింకును మొక్కకు అందనివ్వదు. నాటిన కొద్ది వారాల్లో ఆకుల మీద ఇటుకరంగు మచ్చలు వచ్చి, పైరు గిడసబారిపోయిందంటే చాలా సార్లు అది జింకు లోపం. దాన్ని చూసి నత్రజని చాలలేదనుకుని ఇంకో అరబస్తా యూరియా చల్లుతారు. లేదా జింక్ సల్ఫేట్‌ను డీఏపీతో కలిపి వేస్తారు, అది అక్కడే గడ్డకట్టి రెండూ పనికిరాకుండా పోతాయి. రెంటికీ మధ్య కనీసం మూడు రోజుల ఎడం ఉండాలి. ఫాస్ఫేట్ ఎరువు రాతినుంచి తీస్తారు కాబట్టి ఆ రాయిలో ఉండే కాడ్మియం కూడా కొంత నేలకు చేరుతుంది. మన పొలాల్లో ఇవాళే అది పెద్ద ప్రమాదమని నేను అనను, కానీ చేరింది మళ్లీ పోదు.

ఇక్కడ ఒక అపోహ తీసేయాలి. రసాయన ఎరువు తగలగానే నేల చచ్చిపోతుందని తరచూ వింటుంటాం. ఇంగ్లండ్‌లోని రోథామ్‌స్టెడ్‌లో 1843లో గోధుమ మీద ఒక ప్రయోగం మొదలుపెట్టారు, అది ఇప్పటికీ నడుస్తోంది. అన్ని పోషకాలూ సమంగా ఇచ్చిన రసాయన ఎరువుల మళ్లలో ఇంతకాలం తర్వాతా మంచి పంట వస్తూనే ఉంది. మన దేశంలో భారత వ్యవసాయ పరిశోధన మండలి 1970లో ఇలాంటి దీర్ఘకాల ప్రయోగాలు మొదలుపెట్టింది. హిమాచల్‌లోని పాలంపూర్ ఆమ్ల నేలల్లో ఏటా ఒక్క నత్రజనే వేసిన మళ్లలో నేల మరింత పులిసి, మొక్కజొన్న, గోధుమ దిగుబడి పడిపోయి, చివరికి పంటే రాని స్థితి వచ్చింది. అదే నేలలో అన్నీ సమంగా వేసి, పశువుల ఎరువు లేదా సున్నం తోడు చేసిన మళ్లు నిలబడ్డాయి. కాబట్టి నేలను దెబ్బతీసేది ఫ్యాక్టరీలో తయారవడం కాదు, ఒక్కదాన్నే పట్టుకుని వేళ్లాడటం.

ఎందుకు? ఒకే పోషకంతో పంట పెరిగితే మిగిలిన పోషకాలను నేలలోంచి లాక్కుంటుంది. కోసిన ప్రతి బస్తా ధాన్యంతో, ఎడ్లబండి మీదో ట్రాక్టర్ మీదో పోయిన గడ్డితో పొటాష్, జింకు, గంధకం బయటికి వెళ్తుంటాయి, తిరిగి రావు. దానికి తోడు సేంద్రియ కర్బనం, అంటే ఆకులూ పేడా కుళ్లి మట్టిలో మిగిలేది, తరిగిపోయింది. మన నేలల్లో అది చాలా చోట్ల అర శాతం కూడా ఉండదు. ఇదివరకు ఇంటి వెనక పెంటదిబ్బ ఉండేది, ఎండాకాలంలో పొలంలో గొర్రెల మంద కట్టించేవాళ్లు, చెరువు మట్టి తోలేవాళ్లు. ఇప్పుడు పశువులు తగ్గాయి, కోత మిషన్ వదిలిన కొయ్యకాళ్లకు అగ్గిపుల్ల గీస్తున్నాం. కర్బనం లేని మట్టి నత్రజనిని పట్టి ఉంచలేదు. పట్టి ఉంచలేదు కాబట్టి వేసింది చాలదు. చాలదు కాబట్టి మూడో బస్తా. ఇరవై ఏళ్ల కింద రెండు బస్తాలకు వచ్చే దిగుబడి ఇప్పుడు రావడం లేదని రైతు అంటే, అది సాకు కాదు.

తెలంగాణలో 2018 జనవరి నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు వచ్చాక బోరు కింద ఏడాదికి రెండు పంటల వరి మామూలైంది. వరి మీద వరి. మధ్యలో పెసరో మినుమో వేస్తే వాటి వేళ్ల బుడిపెలు గాలిలోని నత్రజనిని ఉచితంగా నేలలో పెట్టేవి. నేలలో నత్రజని అతిగా ఉంటే ఆ బుడిపెలు కూడా సరిగా ఏర్పడవు, మొక్కకు కష్టపడవలసిన అవసరం ఉండదు కదా.

బోరు నీళ్లలో, కొల్లేటిలో

కిందికి దిగిపోయిన నైట్రేట్ ఎక్కడికీ పోదు. ఆ నీళ్లనే మళ్లీ బోరుతో పైకి లాగి తాగుతాం. తాగునీటిలో నైట్రేట్‌కు మన ప్రమాణాల ప్రకారం హద్దు లీటరుకు 45 మిల్లీగ్రాములు. కేంద్ర భూగర్భ జల మండలి 2024 నివేదికలో దేశవ్యాప్తంగా తీసిన నమూనాల్లో దాదాపు 20 శాతం ఈ హద్దు దాటాయి. తెలంగాణలో సుమారు 27 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 23 శాతం పైగా. ఇదంతా యూరియా పుణ్యమే అనడం సరికాదు. మురుగునీళ్లు, మరుగుదొడ్ల గుంతలు, పశువుల పేడ కూడా ఇందులో భాగస్తులే. కానీ పొలాల మధ్య ఉన్న బోరులో నైట్రేట్ పెరిగిందంటే మొదట చూడవలసింది పొలాన్నే.

దీనివల్ల ఎక్కువ ప్రమాదం ఆరు నెలల లోపు పసిపిల్లలకు. వాళ్ల ఒంట్లో నైట్రేట్ నైట్రైట్‌గా మారి రక్తంలోని హీమోగ్లోబిన్‌ను వేరే రూపంలోకి మార్చేస్తుంది, అది ఆక్సిజన్ మోయలేదు, బిడ్డ ఒళ్లు నీలంగా మారుతుంది. పోతపాలు కలిపే నీళ్లతోనే ఇది వస్తుంది కాబట్టి ఇంట్లో వాళ్లకు అనుమానమే రాదు. పైగా మరగబెడితే నీళ్లు మంచివవుతాయన్న నమ్మకం ఇక్కడ పనిచేయదు. మరిగితే నీరు తగ్గుతుంది, నైట్రేట్ అలాగే ఉండి ఇంకా చిక్కబడుతుంది. మామూలు కొవ్వొత్తి ఫిల్టరూ దాన్ని ఆపలేదు, ఆర్‌ఓ లాంటివి తగ్గిస్తాయి.

కిందికి దిగనిది కాలువలో పడుతుంది. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో కొల్లేరు ఉంది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, వాటితోపాటు ఎన్నో మురుగు కాలువలు పొలాల నీళ్లు, పట్నాల నీళ్లు, చేపల చెరువుల నీళ్లు తెచ్చి అందులో పోస్తాయి. బయటికి దారి ఉప్పుటేరు ఒక్కటే. పొలంలో వరికి ఏది బలమో నీళ్లలో నాచుకూ గుర్రపుడెక్కకూ అదే బలం. నాచు విపరీతంగా పెరిగి, చచ్చి, కుళ్లుతుంది. కుళ్లేటప్పుడు నీటిలోని ఆక్సిజన్‌ను అది తినేస్తుంది. తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తుంటే చెరువు రైతు గుండె ఎందుకు గుభేలుమంటుందో ఆ ప్రాంతం వాళ్లకు బాగా తెలుసు. చేపల చెరువులో మేతకు నాచు పెంచడం కోసం అదే యూరియా, భాస్వరం ఎరువైన సూపర్ ఫాస్ఫేట్ కొలిచి వేసే రైతుకు మోతాదు తప్పితే ఏమవుతుందో తెలిసినంతగా, వరి రైతుకు తెలిసే అవకాశం లేదు. అతని మడిలో చేపలు లేవు మరి.

ఇక గాలిలోకి పోయేదాంట్లో నైట్రస్ ఆక్సైడ్ కొంచెమే. కానీ వందేళ్ల లెక్కన చూస్తే కార్బన్ డయాక్సైడ్ కన్నా దాదాపు 270 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది.

మరి మానేస్తే?

శ్రీలంక మానేసి చూసింది. 2021లో అక్కడి ప్రభుత్వం రసాయన ఎరువుల దిగుమతిని ఒక్కసారిగా నిషేధించింది. బియ్యానికి తన కాళ్ల మీద నిలబడ్డ దేశం కొద్ది నెలల్లోనే బియ్యం దిగుమతి చేసుకోవలసి వచ్చింది, తేయాకు తోటలు దెబ్బతిన్నాయి. అదే ఏడాది నవంబరు నాటికి వెనక్కి తగ్గారు. గాలిలోని నత్రజనిని అమ్మోనియాగా మార్చే పద్ధతిని 1909లో జర్మన్ శాస్త్రవేత్త ఫ్రిట్జ్ హేబర్ చేసి చూపించాడు, కార్ల్ బాష్ దాన్ని ఫ్యాక్టరీకి ఎక్కించాడు. ఇవాళ ప్రపంచ జనాభాలో దాదాపు సగం మంది కంచంలో కూడు దాని మీద ఆధారపడిందని అంచనా. కాబట్టి యూరియా విషం అనే ఉపన్యాసం నాకు రుచించదు. మొదటి బస్తా అన్నం పెడుతుంది. మూడోది పెట్టదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుంచి నడుస్తున్న ప్రకృతి వ్యవసాయం కార్యక్రమంలో తొలకరికి ముందే నవధాన్యాలు చల్లి నేలను ఖాళీగా ఉంచకుండా చూస్తారు. అది మంచి దారే, కానీ అది అందరికీ ఒక్క ఏడాదిలో అబ్బేది కాదు. ఆకుల మీద కొట్టే నానో యూరియా 2021లో వచ్చింది. ఒక సీసా ఒక బస్తాకు సమానం అని తయారీదారులు అన్నారు. తొలి అర లీటరు సీసాలో 4 శాతం లెక్కన ఉన్న నత్రజని 20 గ్రాములు, బస్తాలో 20 కిలోలు. పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ప్రయోగాల్లో బస్తా యూరియా తగ్గించి దాన్ని వాడితే దిగుబడి పడిపోయింది. బస్తా కావాలంటే సీసా కొనాల్సిందేనని లింకు పెట్టినప్పుడు రైతులకు కోపం రావడంలో ఆశ్చర్యం లేదు.

మూడో బస్తా లేకుండా గడవడానికి కొత్త కనిపెట్టడాలు అక్కర్లేదు. 50 కిలోల యూరియాకు 250 కిలోల తేమ మట్టి గానీ, 10 కిలోల వేపపిండి గానీ కలిపి రెండు రోజులు ఉంచి చల్లమని మన వ్యవసాయ విశ్వవిద్యాలయాలు ఏనాటి నుంచో చెబుతున్నాయి. ఆ రెండు రోజుల్లో యూరియా అమ్మోనియంగా మారి మట్టిని పట్టుకుంటుంది, ఎగిరిపోదు. మడిలో నీళ్లు తీసేసి బురద పదునులో చల్లి, 36 నుంచి 48 గంటల తర్వాత పలచగా నీళ్లు పెట్టాలి. ఒకేసారి కాకుండా నాటేముందు, పిలకల దశలో, అంకురం దశలో (కాడలో వెన్ను మొదలయ్యేటప్పుడు) మూడు భాగాలుగా వేయాలి. ఆకు రంగు పట్టిక అని ఒక ప్లాస్టిక్ ముక్క దొరుకుతుంది, లేత నుంచి ముదురు దాకా ఆకుపచ్చ గళ్లు ఉంటాయి. ఆకును దాని పక్కన పెట్టి చూసి, రకాన్ని బట్టి మూడో గడికన్నానో నాలుగో గడికన్నానో పాలిపోతేనే యూరియా వేయాలి. పక్క మడిని చూసి కాకుండా ఆ పట్టికను చూసి చల్లమని.

ఇవన్నీ ఎందుకు జరగవంటే, ఒక కారణం కూలీ. 250 కిలోల మట్టి కలిపి మోయడానికి మనిషి ఖర్చు యూరియా బస్తా ఖరీదును మించిపోతుంది. ఇంకో అరబస్తా చల్లడమే రైతుకు లాభం. ఇక్కడా ధరే మాట్లాడుతోంది. మట్టి పరీక్ష కార్డులు 2015 ఫిబ్రవరిలో మొదలయ్యాయి, 12 అంశాల మీద వివరాలుంటాయి. కానీ నమూనా గ్రిడ్ లెక్కన ఒక చోట తీసి చుట్టుపక్కల పొలాలన్నిటికీ అదే రాసిస్తే, తన మడి సంగతి తనకు తెలిసిన రైతు ఆ కార్డును బీరువాలో పెట్టడం మామూలే.

ఇంకో కారణం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. నేలలో కర్బనం పెంచడానికి జీలుగో జనుమో పిల్లిపెసరో చల్లి, పూత దశలో కలియదున్నాలి. విత్తనానికి, నీటికి, దుక్కికి ఖర్చు ఈ ఏడాది. ఫలితం కొంత ఈ పంటకు వచ్చినా, ఎక్కువ భాగం రాబోయే ఏళ్లలో మెల్లగా వస్తుంది. డెల్టాలో, తెలంగాణలో దున్నుతున్న వాళ్లలో చాలామంది కౌలు రైతులు. కాగితం ఉండదు, నోటిమాట కౌలు. ఉగాది వస్తే ఆ పొలం తన దగ్గరే ఉంటుందో, ఇంకో రెండు బస్తాల ధాన్యం ఎక్కువ కౌలు ఇస్తానన్నవాడి దగ్గరికి పోతుందో అతనికి తెలియదు. పచ్చిరొట్ట ఎందుకు వేయవు అని అడిగితే, "ఎవరి పొలానికి?" అంటాడు. యూరియా అయితే నాలుగు రోజుల్లో చేలో కనబడుతుంది, ఈ పంటతోనే తీరిపోతుంది.